రాత్రిళ్లు ఎస్‌టీపీ ఆపేస్తే కరెంటు మిగులుద్ది అంటున్నారు, పొద్దున్నే కంపు. తెలిసినోళ్లు చెప్పండి

పెన్నగట్టు | నెల్లూరు | ఆదివారం రాత్రి 9:42

అన్నలూ, అక్కలూ, మాది నెల్లూరులో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పోయిన నెల నన్ను పట్టుబట్టి అసోసియేషన్ ట్రెజరర్ని చేశారు. లెక్కలు తిరగేస్తే సెల్లారులో ఉన్న ఎస్‌టీపీ, అదే మురుగు శుద్ధి చేసే ప్లాంటు, దాని కరెంటే జాస్తిగా కనపడింది. పాత కమిటీ వాళ్లు ఆరు నెలల నుంచి రాత్రి 10కి అందులో గాలి ఊదే బ్లోవర్ ఆపించి పొద్దున 6కి వేయిస్తున్నారంట, మిగులు చూపించారు, అందరూ చప్పట్లు కొట్టారు. కానీ పొద్దున్నే లిఫ్టు తలుపు తీస్తే కుళ్లిన గుడ్ల వాసన. కింద పార్కింగ్‌లో స్కూలు పిల్లలు ముక్కు మూసుకుని ఆటో ఎక్కుతున్నారు. ఆ శుద్ధి చేసిన నీళ్లే ఫ్లష్‌లకి పైకి పంపుతారు, అవి కూడా ఈ మధ్య టీ రంగులో వస్తున్నాయి.

బిల్డర్‌కి ఫోన్ చేస్తే "ఏదన్నా సెంటు పోయండి" అన్నాడు. నిజంగా అన్నాడండీ.

నేను బీకాం వాణ్ణి. అసలు ఆ ట్యాంకుల్లో ఏం జరుగుద్దో తెలీదు. మామూలు మనిషికి అర్థమయ్యేటట్టు ఎవరన్నా చెప్పండి.

ఎర్రబస్సు | కావలి | ఆదివారం రాత్రి 10:05

ఎందుకన్నా ఈ తలనొప్పి, ఒక పైపేసి సైడు కాలువలోకి వదిలేయండి. ఊరంతా చేసేది అదే గదా. 😀

బ్లోవర్‌బాబాయ్ | ముత్తుకూరు దగ్గర | ఆదివారం రాత్రి 11:31

సైడు కాలువ అన్న తమ్ముడికి తర్వాత చెబుతా.

పెన్నగట్టు గారూ, నేను 11 ఏళ్ల నుంచి ఎస్‌టీపీ ఆపరేటర్ని, ఇప్పుడు ఒక టౌన్‌షిప్ ప్లాంటులో రాత్రి డ్యూటీలో కూర్చునే ఇది రాస్తున్నా. మీ ప్లాంటు చెడిపోలేదు, మీరు దాన్ని రోజూ రాత్రి ఊపిరాడకుండా చేస్తున్నారు, అంతే.

వరసగా చెబుతా. మురుగు ముందు జల్లెడకి తగులుద్ది, ఇనప చువ్వలు ఉంటాయి చూడండి, దాన్నే స్క్రీన్ అంటాం. రోజూ పొద్దున్నే దాన్ని పారతో గీకేది నేనే కాబట్టి ఏ ఇంట్లో ఏం వండారో కూడా చెప్పగలను. చింతపండు పిప్పి, చేప పొలుసులు, షాంపూ ప్యాకెట్లు, జడల్లాగా అల్లుకుపోయిన వెంట్రుకలు, బాత్రూంలో పడేసిన ప్యాడ్లు. ఒకసారి సెల్‌ఫోన్ కూడా దొరికింది, ఎవరిదో ఇంతవరకూ అడగలేదు. ఆ తర్వాత నూనె పైకి తేలే గది, అక్కడ తెట్టు తీసేయాలి. అక్కణ్ణుంచి మురుగంతా ఒక పెద్ద ట్యాంకులో చేరుద్ది. పొద్దున 6 నుంచి 9 దాకా ఇంటిల్లిపాదీ స్నానాలూ అంట్లూ కాబట్టి ఆ మూడు గంటల్లో తోసుకొస్తుంది, ఆ ట్యాంకు లేకపోతే ప్లాంటు తట్టుకోలేదు.

అసలు పని జరిగేది తర్వాతి ట్యాంకులో. కింద నుంచి బ్లోవర్ గాలి ఊదుద్ది, నీళ్లు మరుగుతున్నట్టు ఉంటాయి. అందులో కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటాయి. మురుగు వాటికి తిండి, గాలి వాటికి ప్రాణం. తిని, పెరిగి, ఒకదానికొకటి అంటుకుని చిన్న చిన్న పీచు ముద్దల్లాగా అవుతాయి. ఆ తర్వాతి ట్యాంకులో గాలి ఉండదు, నీళ్లు కదలవు, ముద్దలన్నీ అడుక్కి చేరతాయి, పైన తేట నీళ్లు పొర్లి బయటికి వస్తాయి. అడుగున చేరిన బురదలో చాలా భాగం మళ్లీ గాలి ట్యాంకుకే పంపుతాం.

ఎందుకంటే అదే తోడు. నిన్నటి పెరుగు కాస్త ఉంటేనే ఇయ్యాల పాలు తోడుకుంటాయి, ఇదీ అంతే. ఆ తోడుని మీరు రాత్రి ఎనిమిది గంటలు గాలి లేకుండా ఉంచుతున్నారు. గాలి కావాల్సిన బాక్టీరియా నీరసపడి కొంత చస్తుంది, గాలి అక్కర్లేని రకం లేస్తుంది. నీళ్లలోని సల్ఫేటుని అది హైడ్రోజన్ సల్ఫైడ్ చేస్తుంది. మీ లిఫ్టు దగ్గర కుళ్లిన గుడ్ల వాసన అదే. సెంటు పోస్తే సెంటు వాసన, గుడ్ల వాసన రెండూ వస్తాయి.

వెనామీ_రైతు | కొత్తపట్నం వైపు | సోమవారం పొద్దున 5:20

తమ్ముడూ, నీ పోస్టు చదివి నవ్వొచ్చింది, ఇది మా చెరువు కథే గదయ్యా! తెల్లారుజామున మూడుకీ ఐదుకీ మధ్య డీఓ, అదే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోద్ది, ఆ టైములో కరెంటు పోతే రొయ్య గట్టు చుట్టూ పైకొచ్చి తేలుద్ది, గుండె ఆగినంత పనవుద్ది మాకు. ఇప్పుడు కూడా జనరేటర్ పక్కన కూర్చునే రాస్తున్నా. రాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపితే కరెంటు మిగులుద్ది అని మా దగ్గర ఎవడన్నా అంటే వాణ్ణి చెరువులోకి తోస్తాం.

అంటే మీరు పెంచేది రొయ్య కాదు, బాక్టీరియా. మాకు ఎకరం నిండా నీళ్లు, మీకు గదంత ట్యాంకు. అంతేనా?

బ్లోవర్‌బాబాయ్ | సోమవారం పొద్దున 6:02

అంతే అన్నా. మీరు ప్రోబయాటిక్, అంటే మంచి బాక్టీరియా మందు, బెల్లంలో నానబెట్టి చల్లుతారు చూడండి, మేం కూడా కొత్త ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు పేడ నీళ్లూ బెల్లమూ పోస్తాం. ఇంకా మంచిది, పక్క ప్లాంటులో నుంచి ఒక ట్యాంకర్ మంచి బురద తెచ్చుకోవడం. మీరు అమ్మోనియా, నైట్రైట్ కిట్టు పెట్టుకుని చూసుకుంటారు గదా, ఇక్కడా అదే వరస. అమ్మోనియాని ఒక రకం బాక్టీరియా నైట్రైట్ చేస్తే ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. ఆ రెండు రకాలూ నిదానంగా పెరుగుతాయి, గాలి తగ్గితే ముందు మొండికేసేది అవే. డీఓ లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే మాకు చాలు, మీకు ఇంకా ఎక్కువ కావాలి.

రిటైర్డ్_ఏఈ | ఒంగోలు | సోమవారం మధ్యాహ్నం 1:15

ఆపరేటర్ తమ్ముడు బాగా చెప్పాడు. కొన్ని లెక్కలు నేను చేరుస్తాను, లెక్క లేకుండా అసోసియేషన్ మీటింగులో ఎవరూ ఒప్పుకోరు.

మురుగు అంటే మనకి ఏదో చిక్కటి నల్లటి పదార్థం గుర్తొస్తుంది. నిజానికి ఇళ్ల మురుగులో 99.9 శాతం నీళ్లే. లీటరుకి ఒక గ్రాము అటూ ఇటూగా మాత్రమే ఇతర పదార్థం ఉంటుంది, అందులోనూ కొంత మామూలు ఉప్పులే. ఇంత ఖర్చూ, ఇంత కంపూ ఆ ఒక్క గ్రాము కోసం.

ఆ మురికిని తూచేది ఆక్సిజన్‌తో. మురుగుని సీసాలో పోసి మూత బిగించి 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి, సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో చూస్తాం. చిక్కటి మురుగు కాబట్టి ముందు పలచన చేసి పెడతాం లెండి. దాని పేరు బీఓడీ. మన ఇళ్ల మురుగులో అది లీటరుకి సుమారు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. మన ఎండలకి, 30 డిగ్రీల నీళ్లలో, గాలి నుంచి కరిగే ఆక్సిజన్ లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములకి మించదు. కావాల్సింది 250, నీళ్లలో పట్టేది 7. అంటే పట్టినంతా ఆ సూక్ష్మజీవులు ఎప్పటికప్పుడు తినేస్తాయి, మళ్లీ నింపాలి. బ్లోవర్ ఎందుకు ఆగకూడదో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఒక కాలువలోకి ఈ మురుగు నేరుగా పోతే చేపలు చచ్చేది విషంతోనే కాదు, ఊపిరాడక కూడా.

ఇక మీ 60 ఫ్లాట్లు. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు అనుకుంటే 32,400 లీటర్లు, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది, అంటే 26 వేలకి కాస్త తక్కువ. మీ ప్లాంటు 30 వేల లీటర్లది అయి ఉండాలి. బ్లోవర్ 3 హెచ్‌పీ అనుకుంటే రాత్రి ఎనిమిది గంటలకి 18 యూనిట్ల లోపు, నెలకి 530. ఫ్లాటుకి తొమ్మిది యూనిట్లు కూడా కాదు. ఒక టన్నున్నర ఏసీ ఒక్క రాత్రి తాగేదానికి మీ పిల్లలు నెలంతా ముక్కు మూసుకుంటున్నారు. ఇది మీటింగులో అలాగే చదవండి.

ఒక మాట మాత్రం ఉంది. గంటో గంటన్నరో ఆపి మళ్లీ వేయడం తప్పు కాదు, నైట్రేట్ పోవడానికి కావాలనే అలా చేసే పద్ధతి ఉంది. ఎనిమిది గంటలు వేరే సంగతి.

గుండ్లకమ్మ | ఒంగోలు | సోమవారం రాత్రి 8:50

సార్, అపార్ట్‌మెంట్లు సరే, మాలాంటి సొంతిళ్ల సంగతేంటి? మాకు ఎస్‌టీపీ లేదు, సెప్టిక్ ట్యాంకు ఉంది. నేను టీచర్ని, పిల్లలకి పాఠం చెబుతూ మా ఇంటి మురుగు ఎక్కడికి పోతుందో ఎప్పుడూ ఆలోచించలేదని ఈ చర్చ చూశాక సిగ్గేసింది. ట్యాంకు నుంచి ఒక పైపు నేరుగా వీధి కాలువలోకి ఉంది, ఇవాళే వంగి చూశాను. అది చివరికి పోతురాజు కాలువలో కలుస్తుంది అనుకుంటా. గట్టి వాన పడితే ఆ కాలువ పొంగి చుట్టుపక్కల ఇళ్లలోకి వచ్చేది కూడా మా అందరి నీళ్లే కదా!

రిటైర్డ్_ఏఈ | సోమవారం రాత్రి 9:30

అమ్మా, సిగ్గు మీది ఒక్కరిదే కాదు, నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మా ఇంటికీ అదే పైపు ఉండేది.

సెప్టిక్ ట్యాంకు సగం వైద్యం మాత్రమే. అందులో గాలి ఉండదు, గట్టిది అడుక్కి పోతుంది, నూనె తెట్టు పైన ఉంటుంది, మధ్యలో నీళ్లు బయటికి వస్తాయి. ఆ నీళ్లు చూడ్డానికి కాస్త తేటగా ఉన్నా రోగక్రిములు అందులో బతికే ఉంటాయి. అందుకే దాని తర్వాత ఇంకుడు గుంత ఉండాలి, మిగతా పని మట్టి చేస్తుంది. ఇంకుడు గుంత తవ్వే చోటు లేకనో, మేస్త్రీ మానేసో, పైపుని కాలువలోకి పెడతారు. గుంత బోరుకి 50, 60 అడుగుల దూరంలో ఉండాలి, లేకపోతే మన మురుగు మనమే తోడుకుంటాం.

రెండోది, రెండు మూడేళ్లకి ఒకసారి ట్యాంకు ఖాళీ చేయించాలి. "మా ట్యాంకు 15 ఏళ్ల నుంచి నిండలేదు" అని గొప్పగా చెప్పేవాళ్లని చూస్తుంటాను. నిండకపోవడం కాదు, అడుగు నుంచి బురద నిండి, వచ్చింది వచ్చినట్టే బయటికి పోతోంది. బండి పిలిచినప్పుడు ఎక్కడ ఖాళీ చేస్తారో అడగండి. చీకటి పడ్డాక ఏ కాలువ గట్టునో వదిలేస్తే మీరు డబ్బులిచ్చి మురుగుని ఇంకో వీధికి మార్పించినట్టు. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లకి ఈ బురదని విడిగా ఆరబెట్టి శుద్ధి చేసే కేంద్రాలు వచ్చాయి, కర్ణాటకలో దేవనహళ్లిలో 2015 నుంచి ఉంది.

బ్లోవర్‌బాబాయ్ | సోమవారం రాత్రి 11:48

సార్ చెప్పిందానికి ఒకటి కలుపుతా, దయచేసి అందరూ చదవండి. ట్యాంకులోకి మనిషిని దింపొద్దు. సరైన రక్షణ లేకుండా దింపితే, మురుగు పనుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం నేరం, అది పక్కన పెట్టండి. నేను చూసిన సంగతి చెబుతా. ఆ కుళ్లిన గుడ్ల వాసన కొంచెం ఉంటే ముక్కు పట్టుకుంటుంది. గాలిలో అది 100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో వంద, దాటితే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసనే తెలీదు. లోపలికి దిగినోడు "వాసన పోయింది, ఏం లేదులే" అనుకుంటాడు. మేం పని నేర్చుకునే రోజుల్లో ఒకతను ఒక బావిలోకి సగం నిచ్చెన దిగాడు, అట్టే మాట పడిపోయింది, నడుముకి తాడు ఉండబట్టి లాగాం. తాడు లేనోణ్ణి కాపాడటానికి రెండోవాడు దిగుతాడు, వాణ్ణి కాపాడటానికి మూడోవాడు. పేపర్లో ఒకే ట్యాంకులో ముగ్గురు అని వార్త వచ్చేది అందుకే.

ఎర్రబస్సు | మంగళవారం పొద్దున 8:12

సరే, నా సైడు కాలువ జోకు వాపసు తీసుకుంటున్నా. కానీ వెనామీ అన్నని ఒకటి అడగాలి. మీ చెరువులు ఖాళీ చేసేటప్పుడు ఆ నల్ల నీళ్లు యాడికి పోతాయన్నా? మా మేనమామ పొలం పక్క కాలువ మీ వాళ్ల పుణ్యమే. ఉప్పు తేలి వరి పోయింది. అపార్ట్‌మెంట్లకి పాఠాలు చెప్పడం తేలిక.

వెనామీ_రైతు | మంగళవారం మధ్యాహ్నం 2:40

అడగాల్సిందే అడిగావు అబ్బాయ్. దాటేయను.

చాలామందిమి నేరుగా కాలువకే వదిలాం, ఇప్పటికీ వదులుతున్నవాళ్లు ఉన్నారు. రొయ్యల పట్టుబడి రోజు హడావిడి ఎట్టా ఉంటుందో నీకు తెలుసు, ఐసు లారీ గట్టు మీద ఉంటది, రేటు గంటగంటకీ మారుద్ది, నీళ్లు ఎటు పోతున్నాయో ఎవడు చూస్తాడు. కానీ ఒక సంగతి నేర్చుకున్నా. చెరువు పై నీళ్లు అంత చెడ్డవి కావు. చివర్లో అడుగున మిగిలే జానెడు నీళ్లలోనే మేత అడుసూ, రెట్టా, పొట్టు అంతా ఉంటది. నేను రెండు పంటల నుంచి ఆ చివరి నీళ్లని పక్కన ఉన్న పాత కుంటలోకి మళ్లించి నిలబెడుతున్నా. నాలుగైదు రోజులకి బురద అడుక్కి దిగుద్ది, పైది తేలుద్ది. అందులో కొయ్యంగ చేపలు వదిలా, అవి ఆ అడుసు తిని బాగానే పెరుగుతున్నాయి. పెద్ద ఫారాలకి ఇట్లాంటి చెరువు ఉండాల్సిందే అని రూలు ఉంది, చిన్న రైతుకి అంత నేల ఎక్కడిది అనేది నిజమే. ఉప్పు మాత్రం ఏ కుంటా తీయలేదు. మీ మామ పొలం విషయంలో నా దగ్గర జవాబు లేదు.

ఎర్రబస్సు | మంగళవారం మధ్యాహ్నం 3:05

ఇంత సూటిగా ఒప్పుకుంటావని అనుకోలేదన్నా. సరే. కొయ్యంగలు ఎప్పుడు పడతావో చెప్పు, పులుసుకి వస్తా.

పెన్నగట్టు | మంగళవారం రాత్రి 10:20

అందరికీ దండాలు. సార్ లెక్క కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించా, ఇయ్యాల రాత్రి నుంచి బ్లోవర్ ఆపలేదు. కానీ బాబాయ్, ఫ్లష్‌లో టీ రంగు ఇంకా తగ్గలేదు. ఇప్పుడు నేను ఏం చూడాలి?

బ్లోవర్‌బాబాయ్ | బుధవారం రాత్రి 12:15

వెంటనే తగ్గదు, వారం పది రోజులు పడుద్ది. ఈలోపు ఒక పని చెయ్యండి. మెడికల్ సామాన్లు అమ్మే చోట లీటరు కొలజాడీ కొనండి, గాజుదైనా ప్లాస్టిక్‌దైనా సరే. గాలి ట్యాంకులోంచి నీళ్లు ముంచి నిండా పోసి, ఎండ తగలని చోట కదలకుండా పెట్టి సెల్‌ఫోన్లో 30 నిమిషాలు టైమర్ పెట్టండి. కప్పు టీ తాగి వచ్చేసరికి ముద్దలు కిందికి దిగి, పైన తేట కనపడాలి. బురద 200, 300 గీతల మధ్య ఆగితే మీ ప్లాంటు మంచిగా ఉన్నట్టు. రంగు చాక్లెట్ లాగా, వాసన తడి మట్టి లాగా ఉండాలి. నల్లగా ఉంటే గాలి చాల్లేదు. పైన తెల్ల నురగ లేస్తే బురద ఇంకా లేతగా ఉందని, లేదా ఎవరో సబ్బు పొడి కుమ్మరిస్తున్నారని.

అర్ధగంట తర్వాత కూడా 800 మీదే ఆగితే, ఇంకో జాడీలో సగం ఆ నీళ్లు, సగం శుద్ధి అయిన నీళ్లు కలిపి మళ్లీ చూడండి. అప్పుడు చక్కగా దిగితే బురద మోతాదు మించిందని. అప్పటికీ దిగకపోతే అది దారాల్లాంటి బాక్టీరియా గోల, దానికి మందు వేరే.

ఇంకోటి, మీ వాళ్లలో ఎవరన్నా బాత్రూంలో యాసిడ్ సీసాలు సీసాలు పోస్తున్నారా కనుక్కోండి. మీరు తోడు పెడుతుంటే వాళ్లు అందులో నిమ్మకాయ పిండినట్టు.

రిటైర్డ్_ఏఈ | బుధవారం పొద్దున 7:00

ఈ తోడు సంగతి మొదట కనిపెట్టింది ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు, 1914లో, ఇంగ్లండులో మాంచెస్టర్ నగరం మురుగు మీద పనిచేస్తూ. మురుగులో గాలి ఊదితే శుద్ధి అవుతుందని అప్పటికే తెలుసు, కానీ వారాలు పట్టేది. అందరూ అడుగు బురదని పారబోసేవాళ్లు. వీళ్లు పారబోయకుండా తేట మాత్రం వంచేసి, అదే సీసాలో కొత్త మురుగు పోశారు. ప్రతిసారీ టైము తగ్గుతూ వచ్చి గంటల్లోకి దిగింది. వందేళ్లు దాటింది, ప్రపంచంలో చాలా ప్లాంట్లు ఇంకా దాని మీదే నడుస్తున్నాయి.

గుండ్లకమ్మ | బుధవారం సాయంత్రం 6:33

మా అమ్మమ్మ ఊళ్లో అంట్లు కడిగిన నీళ్లు ఒక చిన్న కాలవ తీసి అరటి పాదులోకి వదిలేది. మరుగుదొడ్డి నీళ్లు కలవవు కాబట్టి కంపూ ఉండేది కాదు. మా ఇంటి వెనక అలా చేద్దామని మేస్త్రీతో మాట్లాడాను, వంటింటి పైపు విడగొట్టి కంకర, ఇసుక వేసి మెట్టతామర దుంపలు నాటమన్నారు ఒకరు. పనికొస్తుందా సార్?

రిటైర్డ్_ఏఈ | బుధవారం సాయంత్రం 7:10

బాగా పనికొస్తుంది. నూనె ఆపే చిన్న గుంత ముందు కట్టించండి, లేకపోతే కంకర రెండు నెలల్లో జిడ్డుతో పూడిపోతుంది. వాషింగ్ మెషిన్ నీళ్లు మాత్రం అందులో కలపకండి, ఒంగోలు బోర్లలో ఉప్పు ముందే ఎక్కువ, దానికి సబ్బు సోడియం తోడైతే మట్టి బిగుసుకుపోతుంది.

పెన్నగట్టు | ఆ మరుసటి వారం శనివారం, రాత్రి 9:05

పది రోజులయింది, వివరం చెప్పాలి.

కంపు నాలుగో రోజుకే తగ్గింది, ఇప్పుడు లేదు. జాడీ పరీక్ష మొదటి రోజు 920 దగ్గర ఆగిపోయింది, పైన నాలుగు వేళ్ల తేట కూడా లేదు. బాబాయ్ చెప్పినట్టు సగం సగం కలిపి చూస్తే గబగబా దిగింది. అంటే బురద ఎక్కువైంది. ప్లాంటు పెట్టి మూడేళ్లయితే ఇంతవరకూ ఒక్కసారి కూడా బురద తీయలేదంట! వాచ్‌మన్‌ని అడిగితే "తీయాలా సార్?" అన్నాడు. టీ రంగుకి కారణం అదే, అది పైకి పొర్లి ఫిల్టర్లోకి, అక్కణ్ణుంచి మా ఫ్లష్‌లోకి వస్తోంది. రోజూ కాస్త కాస్త గుడ్డ సంచుల్లోకి వదిలి వడగడుతున్నాం, నిన్నటికి 450 గీత. మా చిన్నమ్మాయి స్కూలు నుంచి రాగానే "నాన్నా, ఇయ్యాల ఎంత?" అని అడుగుతోంది, జాడీ ఫోటోలు తనే తీస్తోంది.

ఇప్పుడు కొత్త తలనొప్పి. తొమ్మిది సంచుల బురద టెర్రస్ మీద ఆరింది, మట్టిలాగే ఉంది, వాసన లేదు. దాన్ని ఎక్కడ వేయాలి? మూడో అంతస్తు ఆయన మొక్కలకి వద్దే వద్దంటున్నాడు.

బ్లోవర్‌బాబాయ్ | శనివారం రాత్రి 11:20

ఆకుకూరలకీ కూరగాయలకీ ఆయన అన్నది రైటే, వెయ్యొద్దు, ఆరినా అందులో క్రిములూ పాము గుడ్లూ ఉంటాయి. పాము గుడ్లంటే నులిపురుగులవి. కొబ్బరి చెట్లకి, పూల మొక్కలకి ఒక అడుగు లోతు తవ్వి పూడ్చండి, చేతులకి గ్లౌజులు వేసుకోండి. 300కి దిగాక తీయడం తగ్గించండి, మొత్తం తీసేస్తే తోడు పోద్ది.

వెనామీ_రైతు | ఆదివారం పొద్దున 4:50

మా గట్టు మీద 40 కొబ్బరి చెట్లు ఉండాయి. ఆటోలో వేసి పంపు, కిరాయి నేనే ఇస్తా. ఎర్రబస్సు, కొయ్యంగలు శుక్రవారం పడుతున్నా.